పాత స్పోర్ట్స్ కార్లలో చిప్‌ను పరీక్షించాలి

సంపాదకులకు నమస్కారం.

బరంపురం, పర్లాకిమిడి ప్రాంతాల మన యువకులు పాత స్పోర్ట్స్ కార్లు కొంటున్నారు గాని, ఇంజిన్‌ను నియంత్రించే చిన్న కంప్యూటరైన ఈసీయూలో, ఇంజిన్ సెట్టింగులను మార్చడానికి ఎవరైనా పెట్టిన బయటి చిప్ ఉందేమో చూడడం లేదు. పాత తరం ఈసీయూ మూత తీసినప్పుడు, కంపెనీ తన చిప్‌ను బోర్డుకు నేరుగా అతికించే చోట చిప్‌ను గుచ్చే సాకెట్, చిప్‌పై చేతిరాత స్టిక్కరు కనిపిస్తే గట్టిగా అనుమానించవలసిందే. కొత్త కార్లలో స్కానర్ చూపే క్యాలిబ్రేషన్ నంబరును (ఈసీయూలోని సెట్టింగుల గుర్తింపు నంబరును) కంపెనీ నంబరుతో పోల్చాలి.

ఎక్కువ ఆక్టేన్ ఇంధనం (నాకింగ్‌ను బాగా తట్టుకునేది) కోసం స్పార్క్ పడే సమయాన్ని ముందుకు జరిపిన చిప్, మన బంకుల్లో దొరికే, అంతకంటే తక్కువ ఆక్టేన్ ఉన్న సాధారణ పెట్రోలుతో ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు నాకింగ్ (ఇంధనం అదుపు తప్పి మండడంతో వచ్చే టకటక చప్పుడు) పుట్టించి, పిస్టన్లనే దెబ్బతీయగలదు. అందువల్ల మెకానిక్కులు గాలి, పెట్రోలు నిష్పత్తిని పొగలోని ఆక్సిజన్‌ను పసిగట్టే వైడ్‌బ్యాండ్ సెన్సర్‌తో కొలిచిన తర్వాతే స్పార్క్ టైమింగ్ ముట్టుకోవాలి. కేవలం చెవితో విని సరిచేయడం నాకు ఎంతమాత్రం సమ్మతం కాదు. అమ్మేవారు ఒరిజినల్ చిప్‌ను కూడా అప్పగించాలని కొనేవారు పట్టుబట్టవలసిందిగా కోరుతున్నాను.

— ఒక పాఠకుడు, పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా