ఈ ఆదివారం నుంచి 119వ కీర్తన: అచ్చు బైబిల్ తెచ్చుకోండి

ప్రభువు నామంలో అందరికీ వందనాలు 🙏

ఆదివారం సాయంత్రం 6 గంటలకు 119వ కీర్తన మొదలుపెడుతున్నాం. వారానికి రెండు భాగాల చొప్పున 11 వారాలు. ఈ వారం ఆలెఫ్, బేత్ అనే మొదటి రెండు భాగాలు, అంటే 1 నుంచి 16 వచనాలు.

ఈసారి ఫోన్ కాకుండా అచ్చు బైబిల్ తెచ్చుకోండి. ఎందుకంటే ఈ కీర్తనలో 176 వచనాలు, 22 భాగాలు. ఒక్కో భాగానికి ఒక్కో హెబ్రీ అక్షరం, ఎనిమిదేసి వచనాలు. మూలభాషలో ఆ ఎనిమిదీ అదే అక్షరంతో మొదలవుతాయి. పేజీ తెరిస్తే ఈ అమరిక కళ్ళకు కడుతుంది. ఫోన్‌లో నాలుగైదు వచనాలు కనిపించేసరికే పైకి జరిగిపోతాయి. నాకైతే పుస్తకంలో చదివిన వచనం ఏ పేజీలో, ఏ మూల ఉందో కూడా గుర్తుంటుంది.

ఫోన్ వద్దని కాదు. శాసనాలు, కట్టడలు, ఆజ్ఞలు, ఉపదేశాలు అనే మాటలు ఎక్కడెక్కడ వచ్చాయో వెతకడానికి యాప్‌ను మించింది లేదు. ఆ పని ఇంటి దగ్గర చేసుకుని రండి. దొరికిన వచనాల సంఖ్యలు కాగితం మీద రాసుకోండి.

చిన్న అక్షరాలు కనిపించని పెద్దవారు ఫోన్‌లోనో ట్యాబ్‌లోనో అక్షరాలు పెద్దవి చేసుకుని నిస్సంకోచంగా చదవండి. వినే బైబిల్ వాడేవారు ఇయర్‌ఫోన్ తెచ్చుకోండి. ఇంటర్నెట్ మాత్రం ఆపేయండి, మధ్యలో మెసేజ్‌లు రాకుండా.

అచ్చు ప్రతి లేనివారు శుక్రవారం లోపు ఇక్కడే చెప్పండి. రెండు ప్రతులున్నవారు ఒకటి తెస్తే వారికి సరిపోతుంది.

పెన్సిల్ మరిచిపోవద్దు!