లేత ఎండ కాదు, నీడ పొట్టిగా పడే ఎండ కావాలి

సంపాదకులు గారికి నమస్కారం.

పేపర్లలో, టీవీల్లో, వాట్సాప్‌లో ఎక్కడ చూసినా ఒకటే సలహా: "పొద్దున్నే లేత ఎండలో నడవండి, డి విటమిన్ వస్తుంది." మన విశాఖ బీచ్ రోడ్డులో తెల్లవారుజామున బళ్ళు ఆపేస్తారు కాబట్టి జనం హాయిగా నడుస్తారు, ఏడున్నర అయ్యేసరికి కొబ్బరి నీళ్ళు తాగి ఇళ్ళకి వెళ్ళిపోతారు, ఈరోజు డి విటమిన్ కోటా అయిపోయిందని చాలామంది నిజంగానే నమ్ముతారు. నడక షుగరుకీ బీపీకీ మంచిదే, కాదనను. కానీ ఆ టైములో పడే ఎండతో ఒంట్లో డి విటమిన్ దాదాపు తయారవ్వదు. డాక్టర్లకి ఇది తెలుసు, పేపర్లు మాత్రం రాయవు.

చర్మంలో ఈ విటమిన్ తయారవ్వాలంటే అల్ట్రావయొలెట్ బి కిరణాలు పడాలి. సూర్యుడు కిందుగా ఉన్నప్పుడు ఆ కిరణాలు చాలా దూరం గాలిలోంచి రావాలి, అందుకని వాటిలో ఎక్కువ భాగం మన దాకా చేరదు. గుర్తుపట్టడం తేలిక. ఎండలో నిలబడితే మన నీడ మన ఎత్తు కన్నా పొట్టిగా పడాలి. మన విశాఖకి లెక్కేస్తే డిసెంబరులో దాదాపు పదకొండు నుంచి ఒంటిగంట దాకానే అలా పడుతుంది. అదే మే నెలలో అయితే తొమ్మిది గంటలకే మొదలవుతుంది, కాబట్టి వేసవిలో మిట్టమధ్యాహ్నం ఉక్కలో మాడాల్సిన పని లేదు, వడదెబ్బ తెచ్చుకోవద్దు. కిటికీ అద్దం వెనక కూర్చుంటే కూడా లాభం లేదు, అద్దం ఆ కిరణాల్ని ఆపేస్తుంది. రుషికొండ మీద ఏసీ ఆఫీసుల్లో పగలంతా ఎండ కనిపిస్తూనే ఉంటుంది, ఒంటికి మాత్రం తగలదు.

ముఖం, చేతులు, వీలైతే కాళ్ళు బయటకి ఉంచి అలాంటి ఎండలో పావుగంట నుంచి అరగంట, వారంలో కొన్ని రోజులు ఉంటే చాలామందికి సరిపోతుంది. మన చామనఛాయ, నలుపు ఒళ్ళకి తెల్లవాళ్ళ కన్నా ఎక్కువ సేపు పడుతుంది. విదేశీ వీడియోల్లో చెప్పే ఐదు నిమిషాలూ పది నిమిషాలూ మనకి కాదు. ఇక మన ఇళ్ళలో ఆడపిల్లకి బడి వయసు నుంచే "ఎండలోకి వెళ్ళకు, నల్లబడతావు" అని చెప్పి చెప్పి గొడుగు అలవాటు చేస్తాం. నల్లబడితే వచ్చే నష్టమేమిటో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

నేను చాలా ఏళ్ళు హైస్కూల్లో డ్రిల్ మాస్టారుగా పనిచేసి రిటైరైనవాణ్ణి, కాబట్టి నా గోల ఎక్కువగా పిల్లల గురించే. 2016-18లో కేంద్ర ప్రభుత్వం దేశమంతా చేసిన సమగ్ర జాతీయ పోషకాహార సర్వేలో పదేళ్ళ నుంచి పందొమ్మిదేళ్ళ పిల్లల్లో 24 శాతం మందికి డి విటమిన్ లోపం ఉందని తేలింది. ఒకటి నుంచి నాలుగేళ్ళ పిల్లల్లో అది 14 శాతం. అంటే బడికి పోయి పెద్దయ్యే కొద్దీ లోపం పెరుగుతోంది. నాకేమీ ఆశ్చర్యం లేదు. ఆటల పీరియడ్ చాలా బడుల్లో సాయంత్రం చివర్లో ఉంటుంది, పరీక్షలు దగ్గరకొస్తే అది కూడా లెక్కల మాస్టారు పట్టుకుపోతారు. కొన్ని ప్రైవేటు బడులకి గ్రౌండే ఉండదు, అపార్ట్‌మెంటు లాంటి భవనంలో నాలుగు అంతస్తులు, కింద స్కూటర్లు. ఇంటర్ హాస్టల్ పిల్లల సంగతి చెప్పక్కర్లేదు, స్టడీ అవర్‌తో తెల్లారి స్టడీ అవర్‌తో రాత్రి అవుతుంది.

లోపం పైకి గట్టిగా కనిపించదు, అదే చిక్కు. పెద్దవాళ్ళలో నడుము, తొడలు, మోకాలి కింద ఎముక నొక్కితే నొప్పి, కింద కూర్చుంటే లేవడానికి చెయ్యి ఊతం కావడం, మెట్లెక్కితే తొడలు పట్టేయడం, ఊరికే నీరసం. వయసు వల్ల అనుకుంటారు, వాతం అంటారు, మందుల షాపులో నొప్పి బిళ్ళ కొనుక్కుంటారు. ఫ్లాట్ దాటి బయటకి రాని గృహిణులు, నైట్ షిఫ్టులు చేసేవాళ్ళు, మంచాన పడ్డ ముసలివాళ్ళు ముందు అనుమానించాలి. చిన్నపిల్లల్లో కాళ్ళు వంకర తిరగడం, మణికట్టు లావుగా కనిపించడం, నడక ఆలస్యం కావడం రికెట్స్ (డి విటమిన్ లేక ఎముకలు మెత్తబడే జబ్బు) గుర్తులు కావచ్చు. తల్లిపాలు తాగే పసిబిడ్డకి రోజుకి 400 యూనిట్ల చుక్కలు వేయమని పిల్లల డాక్టర్లు చెప్తారు, పాలలో ఈ విటమిన్ చాలా తక్కువ కాబట్టి. నూనె రాసి పొద్దుటెండలో పడుకోబెట్టాం కదా అని అమ్మమ్మలు ఆ చుక్కలు మానిపించకండి.

లక్షణాలు ఉంటే డాక్టరు చెప్పిన మీదట రక్తపరీక్ష చేయించుకోవాలి. మామూలుగా రక్తంలో మిల్లీలీటరుకి 20 నానోగ్రాముల కన్నా తక్కువుంటే లోపం అంటారు. ఏ బాధా లేని ఆరోగ్యవంతులు ప్రతి ఏడాదీ ప్యాకేజీ పేరుతో ఈ పరీక్ష చేయించుకోనక్కర్లేదు. 2024లో హార్మోన్ల డాక్టర్ల సంఘమైన ఎండోక్రైన్ సొసైటీ ఇచ్చిన మార్గదర్శకాలు కూడా ఇదే చెప్తున్నాయి, ల్యాబుల ఫ్లెక్సీలు మాత్రం వేరే చెప్తాయి.

ఇక 60,000 యూనిట్ల సాషేలు, క్యాప్సూళ్ళు. లోపం తేలితే డాక్టర్లు సాధారణంగా వారానికి ఒకటి చొప్పున ఎనిమిది వారాలు రాసి, తర్వాత తగ్గిస్తారు. మా చుట్టాలావిడ ఒకామె షాపులో అడిగి తెచ్చుకుని రోజుకొకటి వేసుకోవడం మొదలుపెట్టింది, అమ్మినవాడు వారానికని చెప్పనే లేదు. పెద్దవాళ్ళు డాక్టరు చెప్తే తప్ప రోజుకి 4,000 యూనిట్లు దాటకూడదు, ఆ ఒక్క ప్యాకెట్టు పదిహేను రోజుల పరిమితి. ఎక్కువైతే రక్తంలో కాల్షియం పెరిగి వాంతులు, మలబద్ధకం, విపరీతమైన దాహం, ముదిరితే కిడ్నీలకే దెబ్బ. "విటమినే కదా" అనుకోకండి.

తిండి ఒక్కటే చాలదు గానీ కాస్త ఆసరా. ఫిషింగ్ హార్బర్‌లో దొరికే కవళ్ళు, కానాగంతలు మంచివి, ఖరీదు చేపల జోలికి వెళ్ళక్కర్లేదు. గుడ్డులో పచ్చసొనలో కొంచెం ఉంటుంది. పాల ప్యాకెట్ మీద ప్లస్ ఎఫ్ గుర్తుంటే అందులో ఎ, డి విటమిన్లు కలిపారని అర్థం.

2018లో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 'ప్రాజెక్ట్ ధూప్' (ధూప్ అంటే హిందీలో ఎండ) అని మొదలుపెట్టి, బడుల్లో అసెంబ్లీని పొద్దున నుంచి పదకొండు, ఒంటిగంట మధ్యకి మార్చమంది. మన దగ్గర దాని ఊసే వినలేదు. అంత దూరం వెళ్ళకపోయినా జిల్లా విద్యాశాఖ వారు చేయగలిగింది ఉంది. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా భోజనం బెల్లుకి ముందు పీరియడ్‌ని తరగతుల వారీగా ఆటలకి ఇవ్వండి, అప్పుడు మన ఊళ్ళో ఎండ భరించేలాగే ఉంటుంది. ఒంటిపూట బడులప్పుడు తొమ్మిదిన్నర ఇంటర్వెల్‌ని కాస్త పెంచి పిల్లల్ని బయటకి పంపండి, తాగేనీళ్ళు దగ్గర పెట్టండి. ఇంటర్ కాలేజీలకి తనిఖీకి వెళ్ళే అధికారులు ల్యాబు ఉందా అని అడిగినట్టే పిల్లలు పగలు ఎంతసేపు ఆరుబయట ఉంటున్నారో కూడా అడగాలి. గ్రౌండ్ లేకపోతే మేడ ఉంది కదా, చుట్టూ పిట్టగోడ ఎత్తుగా ఉందో లేదో చూసి టెర్రస్ తాళం తీయమనండి, దానికి బడ్జెట్ కూడా అక్కర్లేదు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ వ్యాయామ ఉపాధ్యాయుడు,
ఎం.వి.పి. కాలనీ, విశాఖపట్నం