హిమోగ్లోబిన్‌తో ఆగకుండా ఫెర్రిటిన్ కూడా చూడాలి

సంపాదకులకు,

జుట్టు రాలుతోందంటే మన విశాఖలో మొదట నింద పడేది బోరు నీళ్ల మీద, ఆ తర్వాత సముద్రపు గాలి మీద. డిగ్రీ చదువుతున్న మా అమ్మాయి విషయంలో మేమూ అలాగే అనుకుని, కుళాయికి ఫిల్టరు బిగించి, నూనెలు మార్చి, చివరకు ఒక ప్రైవేటు కేంద్రంలో ప్యాకేజీ పేరిట వేలకు వేలు కట్టాము. అక్కడ మాడును కెమెరాలో పెద్దదిగా చూపించారే గానీ, నెలసరిలో రక్తం ఎక్కువగా పోతోందా అని ఒక్కరూ అడగలేదు. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో హిమోగ్లోబిన్ 12.2 గ్రాములు వచ్చింది కాబట్టి రక్తహీనత లేదన్నారు. ఆ మాట తప్పు కాదు. గర్భిణులు కాని స్త్రీలకు 12 కంటే తగ్గితేనే రక్తహీనతగా లెక్క. కానీ తర్వాత చర్మవ్యాధుల వైద్యురాలు రాసిన పరీక్షలో ఫెర్రిటిన్ 9 మాత్రమే ఉంది. శరీరంలోని ఇనుము నిల్వను తెలిపే ఈ అంకె ఆరోగ్యవంతులైన పెద్దవారిలో 15 కంటే తక్కువైతే లోపమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణం. ముందు నిల్వలు అడుగంటి, హిమోగ్లోబిన్ ఆ తర్వాతే పడిపోతుంది గనుక, ఒక్క హిమోగ్లోబిన్‌నే చూసి పంపేస్తే ఇటువంటి వారు లెక్కలోకే రారు.

రాలే జుట్టుకంతటికీ ఇనుము లోపమే కారణమని నేననడం లేదు. థైరాయిడ్ తేడాలుండవచ్చు, కాన్పు తర్వాతో, గట్టి జ్వరం తర్వాతో రెండు మూడు నెలలకు జుట్టు ఊడవచ్చు, ఫెర్రిటిన్‌కూ జుట్టుకూ ఉన్న సంబంధంపై పరిశోధకుల్లోనే భేదాభిప్రాయాలున్నాయి. అయినా, 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల స్త్రీలలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉన్న రాష్ట్రంలో, ముందుగా అనుమానించవలసింది దీనినే కదా!

అందుచేత, జుట్టు రాలుతోందనో నీరసంగా ఉందనో వచ్చే స్త్రీలకు, వైద్యులు అవసరమనుకుంటే, పట్టణ ఆరోగ్య కేంద్రాలన్నింటిలోనూ ఫెర్రిటిన్ పరీక్ష ఉచితంగా అందేలా వైద్యారోగ్య శాఖ, మహా విశాఖ నగరపాలక సంస్థ చూడాలని కోరుతున్నాను. జ్వరంలో ఈ అంకె పెరిగి కనిపిస్తుంది కాబట్టి పరీక్ష ఎప్పుడు చేయించాలో కూడా అక్కడే చెప్పాలి. ఐరన్ మాత్ర చేతిలో పెట్టేటప్పుడు, టీతో కలిపి వేసుకోవద్దని, నిమ్మరసంతో అయితే ఒంటికి బాగా పడుతుందని, మలం నల్లగా వచ్చినా భయపడి మానవద్దని చెప్పడానికి రెండు నిమిషాలు చాలు. పరీక్ష లేకుండా సొంతంగా మందుల షాపులో కొని నెలల తరబడి మింగడం ఎంత ప్రమాదమో కూడా చెప్పాలి, ఎందుకంటే ఎక్కువైన ఇనుము కాలేయానికి చేటు చేస్తుంది.

వైద్యురాలి పర్యవేక్షణలో ఐదు నెలలు మాత్రలు వాడాక మా అమ్మాయి దువ్వెనకు వచ్చే జుట్టు బాగా తగ్గింది. ప్యాకేజీకి కట్టిన డబ్బు మాత్రం తిరిగి రాలేదు.

ఒక గృహిణి,
సీతమ్మధార, విశాఖపట్నం