కడప జిల్లా కలెక్టర్ గారికి ఒక బేల్దారి మేస్త్రీ బహిరంగ లేఖ

అయ్యా, నమస్కారం.

2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలయ్యే నాటికి కడపలో ఒక ఇంటికి సెంట్రింగ్ కొట్టి, కమ్మీ కట్టి, స్లాబ్ వేయడానికి సిద్ధంగా ఉన్నాం. మళ్లీ పోయి చూసేసరికి కమ్మీ ఎర్రగా తుప్పు పట్టింది. షెడ్డులోని సిమెంటు బస్తాలు గట్టిపడి రాళ్లయ్యాయి. ఒక బస్తాను తాపీతో కొడితే ఖంగుమంది. ఆ చప్పుడు ఇంకా నా చెవుల్లోనే ఉంది.

ఇంటి ఓనరుకు ఆ నష్టం ఎట్లాగో పూడింది. మా కూలీలకు మాత్రం పని ఆగిన రోజే పొయ్యి ఆరింది. ఇసుక తట్టలు మోసే ఒకామె చెవి కమ్మలు తాకట్టు పెట్టి బియ్యం తెచ్చుకుంది.

1996లో వచ్చిన చట్టంతో కట్టడం ఖర్చులో ఒక శాతం సెస్సు, అంటే ప్రత్యేక పన్ను, వసూలు చేయడం మొదలైంది. అది మా సంక్షేమం కోసమే. ఆ నిధి నుంచి కార్మికుల ఖాతాల్లో డబ్బు వేయమని 2020 మార్చిలోనే కేంద్రం రాష్ట్రాలకు చెప్పింది. కానీ అది నమోదైనవాళ్లకే కదా! ఆ తట్టలు మోసే ఆమెకు నమోదు కార్డు లేదు. కార్డు కావాలంటే ఏడాదిలో 90 రోజులు పనిచేసి ఉండాలి. ఈరోజు ఒకరి దగ్గర, రేపు ఇంకొకరి దగ్గర పనిచేసే మనిషికి ఆ లెక్క ఎవరు రాసిస్తారు?

అయ్యా, పొద్దున్నే క్యారియర్లు పట్టుకుని కూలీలు నిలబడే అడ్డాల దగ్గరికే మీ సిబ్బందిని పంపించండి. పది గంటలకు ఆఫీసు తెరిచేసరికి మేం గోడ మీద ఉంటాం. ఆఫీసుకు వస్తే ఆ రోజు కూలి పోతుంది. ముందు ఆడవాళ్ల పేర్లు రాయించండి.

ఇట్లు,
ఒక బేల్దారి మేస్త్రీ, కడప