ఒకే ఆవరణ, మూడు వాటాలు, రెండు సున్నాలు

చెన్నై,
శనివారం మధ్యాహ్నం

ప్రియ మిత్రుడు కరణానికి,

నీ ఉత్తరానికి జవాబు ఇంత ఆలస్యమైనందుకు క్షమాపణ చెప్పుకోవాలి. కాని ఆ వాక్యాన్ని నీకు ఇదివరకే చాలాసార్లు రాశాను కనుక ఈసారి కూడా రాసినట్టే అనుకో. అమ్మ కులాసాగా ఉంది. పిల్లవాడు బడికి వెళ్తున్నాడు, చదువుతున్నాడో లేదో తెలియదు. మా వీధిలో మెట్రో తవ్వకాలు ఇంకా పూర్తి కాలేదు. ఇంతకు మించి ఇంటి కబుర్లు లేవు. ఉన్నా ఇప్పుడు రాయను, ఎందుకంటే కొరుక్కుపేట సంగతి నీకు చెప్పకుండా ఇంకొక రోజు గడపడం నా వల్ల కాదు.

నువ్వు పోయిన ఉత్తరంతో పంపిన పత్రిక కత్తిరింపు నా బల్ల మీదే ఉంది. దేశంలో ఆరోగ్యం మీద పెట్టే మొత్తం ఖర్చులో జనం తమ జేబులోంచి పెట్టుకునే వాటా 2013–14లో 64.2 శాతం ఉండగా, 2021–22 నాటికి 39.4 శాతానికి దిగిందని జాతీయ ఆరోగ్య లెక్కలు చెబుతున్నాయి. దాని కింద నువ్వు ఎర్ర సిరాతో నన్ను ఉద్దేశించి “తాసిల్దారు గారు ఇప్పటికైనా సంతోషిస్తారా?” అని రాశావు. నిజం చెబుతున్నాను, సంతోషించాను. ఎనిమిదేళ్లలో అంత వాటా తగ్గడం చిన్న విషయం కాదు. అయితే ఆ తరువాత కొరుక్కుపేట వెళ్లాను.

మా బృందం ఉత్తర చెన్నైలో ఇంటింటికీ తిరిగి వైద్య ఖర్చుల వివరాలు సేకరిస్తున్నదని నీకు ఇదివరకే రాశాను. నా పని మామూలుగా కార్యాలయంలో కూర్చుని, వచ్చిన లెక్కల్లో పొరపాట్లు ఏరడం వరకే. ఆ పేటలో తరతరాలుగా స్థిరపడిన తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లు తమిళంలో జవాబు చెప్పగలరు గాని, కష్టం చెప్పుకోవలసి వచ్చేసరికి తెలుగులోకి జారిపోతారు. ఫారాలు నింపే అమ్మాయిలకు తెలుగు రాదు. అందుకని నన్ను కూడా వెంట రమ్మన్నారు. ఫారాల మీద ఇన్నేళ్లు కళ్లు పోగొట్టుకున్న నేను, ఆ ఫారానికి మనుషులు జవాబు చెబుతుండగా ఎదురుగా కూర్చుని వినడం ఇదే మొదలు.

మేము వెళ్లినది ఒకే ఆవరణలో ఉన్న మూడు వాటాల ఇల్లు. మేడ మీద ఇంటి యజమాని ఉంటాడు. ఓడరేవులో పనిచేసి విరమించిన పెద్దాయన, మోకాలికి కొత్త కీలు వేయించుకున్నాడు. బీమా కంపెనీ ఇచ్చింది పోను ఆయన చేతి నుంచి రెండు లక్షల ఎనభై వేల రూపాయలు పడ్డాయి. ఇంటి ఖర్చు మొత్తం ఏడాదికి తొమ్మిది లక్షలని రాయించాడు. ఐక్యరాజ్యసమితి 2015లో పెట్టుకున్న సుస్థిర అభివృద్ధి లక్ష్యాల్లో 3.8 అనే అంశం కింద 2025 దాకా వాడిన కొలబద్ద నీకు తెలుసు. ఇంటి మొత్తం ఖర్చులో గాని ఆదాయంలో గాని వైద్యం 10 శాతం దాటితే ఆ కుటుంబం విపత్తులో పడినట్టు, 25 శాతం దాటితే తీవ్రమైన విపత్తులో పడినట్టు లెక్క. పెద్దాయనది 31 శాతం. అంటే ఆ వీధిలోకెల్లా ఘోరంగా నష్టపోయిన మనిషి ఆయనే. ఆ నష్టపోయిన మనిషి మాకు ఫిల్టర్ కాఫీ ఇప్పించి, కొత్త మోకాలితో మెట్లు ఎక్కి దిగి చూపించి, ఆ డాక్టరు చేతి చలవను అరగంట సేపు పొగిడాడు.  నవ్వు ఆపుకోవడానికి కాఫీ గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాను.

కింద ముందు వాటాలో ఒక పెద్దావిడ ఉంది. ఆమెకు బీపీ, షుగరు రెండూ ఉన్నాయి. 2021 ఆగస్టులో ఇక్కడి ప్రభుత్వం మొదలుపెట్టిన ‘మక్కళై తేడి మరుత్తువం’ (ప్రజలను వెతుక్కుంటూ వైద్యం) పథకం కింద మాత్రలు ఆమె ఇంటికే వస్తాయి. వచ్చిన అమ్మాయి బీపీ చూసి, మాత్రల లెక్క సరిచూసి, చీటీలో రాసి వెళుతుంది. ఏడాదిలో వైద్య ఖర్చు ఎంత అంటే “నాకేం ఖర్చు నాయనా, సున్నా” అంది. ఫారంలో సున్నా వేశాం. ఆ సున్నాను చూసి నా మనసు నిండింది. ప్రభుత్వం మందులు తానే కొని, గిడ్డంగుల్లో పెట్టి, ఆసుపత్రులకు పంచడానికి తమిళనాడు వైద్య సేవల సంస్థను 1994లో ఏర్పాటు చేసింది. ఆ పునాది లేకపోతే ఈనాడు ఆ మాత్రల అట్ట ఆమె గుమ్మంలోకి వచ్చేది కాదు. మన దగ్గర ఆరోగ్యశ్రీ పెద్ద ఆపరేషన్లతో 2007లో మొదలైతే వీళ్లు మాత్రల దగ్గర మొదలుపెట్టారు. దీని మీద మనం వాల్తేరు బీచిలో వాదించుకున్నది... సరే, అది ఇంకో ఉత్తరం.

ఇక వెనక వాటా. నేను ఇంత రాసింది ఆ వాటా కోసమే.

అక్కడ ఉండే ఆవిడ పూలమ్ముతుంది. నలభై అయిదు దాటి ఉంటాయి. చీకటితోనే కోయంబేడు వెళ్లి పూలు తెచ్చి, మాలలు కట్టి, పొద్దుటి పూట గుడి దగ్గర, సాయంత్రం వీధి చివర అమ్ముతుంది. మేము వెళ్లేసరికి మాల కడుతూనే ఉంది, మాట్లాడినంతసేపూ వేళ్లు ఆగలేదు. గత 15 రోజుల్లో ఏదైనా జబ్బు చేసిందా అంటే లేదంది. గత 365 రోజుల్లో ఆసుపత్రిలో చేరారా అంటే లేదంది. డాక్టరుకు, మందులకు, పరీక్షలకు ఏమైనా ఖర్చు పెట్టారా అంటే అదీ లేదంది. బీమా కార్డు ఉందా అంటే లోపలికి వెళ్లి, పాలిథీన్ సంచిలో చుట్టి దాచిన ముఖ్యమంత్రి బీమా కార్డు తెచ్చి గర్వంగా చూపించింది. ఫారం నింపే అమ్మాయి మరొక సున్నా వేసి, తరువాతి ఇంటికి లేచింది.

మాతో వచ్చిన నర్సు మామూలుగా అందరికీ చూసినట్టే ఆమెకూ బీపీ చూసింది. పై అంకె 180 దాటింది. నర్సు మళ్లీ చూసింది, అంతే ఉంది. అప్పుడు నేను తెలుగులో అడిగాను, “అక్కా, తల తిరగడం గాని, కళ్లు మసకలు కమ్మడం గాని ఉందా?” అని. మొదటిసారిగా ఆమె వేళ్లు ఆగాయి. “అది జబ్బు ఎట్లా అవుతుంది నాయనా, ఎండలో నిలబడితే అందరికీ తిరుగుతుంది” అంది. ఆ మీదట ఒక్కొక్కటే బయటికి వచ్చింది. వెనకెప్పుడో బీపీ ఉందని డాక్టరు చెప్పాడు. కొన్నాళ్లు మాత్రలు వేసుకుంది. తెచ్చుకోవడానికి పొద్దున ఓపీకి వెళితే పూలు వాడిపోతాయి, ఆ పూట పెట్టుబడి పోతుంది. ముందు వాటాకు మాత్రలు తెచ్చే అమ్మాయి వచ్చే వేళకు ఈమె గుడి దగ్గర ఉంటుంది. డబ్బిచ్చి కొందామంటే ఇంటి అద్దె ఉంది. అందుకని మానేసింది. ఇదేదీ ఫిర్యాదుగా చెప్పలేదు, పూల ధర చెప్పినట్టే చెప్పింది.

ఇప్పుడు మా ఫారం కళ్లతో ఆమెను చూడు, కరణం. జబ్బు లేదు. ఖర్చు లేదు. బీమా ఉంది. మూడు గడుల్లోనూ ఆమె ఆదర్శ పౌరురాలు. నువ్వూ నేనూ విపత్తుల జాబితాలో వెతికితే అక్కడ దొరికేది మేడమీది పెద్దాయన. పక్షవాతానికి గుమ్మందాకా వచ్చిన మనిషి పేరు ఆ జాబితాలో ఎక్కడా ఉండదు. రెండు వాటాల్లోనూ సున్నాయే, రెంటికీ ఒకే కాలమ్, కంప్యూటరుకు రెండూ ఒకటే. వైద్యం ఉచితంగా అంది వచ్చిన సున్నా ఒకటి, వైద్యానికి వెళ్లనే లేనందువల్ల వచ్చిన సున్నా ఇంకొకటి. (మొదటి సంవత్సరం పరీక్షలో నీకు వచ్చిన సున్నా ఏ కోవలోకి వస్తుందో ఇక్కడ ఎత్తను.)

ఆ రాత్రి ఇంటికి వచ్చి పాత సర్వేల పట్టికలు తీశాను. జాతీయ నమూనా సర్వే 2014లో అడిగినప్పుడు, గడిచిన 15 రోజుల్లో జబ్బు చేసిందని చెప్పినవాళ్లు గ్రామాల్లో నూటికి 9 మంది, పట్టణాల్లో 12 మంది దాకా ఉన్నారు. 2017–18లో అడిగేసరికి గ్రామాల్లో 6.8, పట్టణాల్లో 9.1 అయ్యారు. అంత కొద్ది కాలంలో దేశం అంత ఆరోగ్యవంతమైపోయిందా? ప్రశ్న అడిగిన తీరులో మార్పులు కొంత కారణం కావచ్చు. కాని జాతీయ ఆరోగ్య లెక్కల్లో జేబు ఖర్చుకు 2017–18 నుంచి పునాది ఆ రెండో సర్వేనే. జబ్బు చేసిందని చెప్పినవాళ్లు తగ్గితే వాళ్లు పెట్టిన ఖర్చూ తగ్గుతుంది, అప్పుడు నీ కత్తిరింపులోని వాటా కూడా తగ్గుతుంది. పైగా 2021–22 కోవిడ్ కాలం, ప్రభుత్వ ఖర్చు పెరిగిన ఏడాది. 39.4 అబద్ధమని నేను అనడం లేదు. అందులో ముందు వాటా పెద్దావిడ ఎంత, పూల ఆవిడ ఎంత అన్నది ఆ అంకె చెప్పదు, అంతే.

ఇది కొత్తగా నేను కనిపెట్టిన సంగతి కాదని నువ్వు అంటావు, ఒప్పుకుంటాను. జబ్బు ఉందా అని నోటితో అడిగితే, ఎక్కువ కాలం బతికే కేరళలో ఎక్కువమంది ఉందంటారని, బిహారులో తక్కువమంది అంటారని అమర్త్య సేన్ ఎప్పుడో చెప్పాడు. డాక్టరును చూసిన అలవాటు ఉన్నచోటనే జబ్బును జబ్బుగా గుర్తిస్తారు. మనం దీన్ని పరీక్షలో జవాబుగా కూడా రాశాం. అయితే పరీక్షలో రాసినప్పుడు ఎవరి వేళ్లూ మాల మీద ఆగలేదు.

వైద్య సేవలు జనానికి ఎంతమేర అందుతున్నాయో కొలిచే ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచీ అయినా దీన్ని పట్టుకుంటుందా అని చూశాను. అందులో 14 అంశాలు ఉంటాయి. గర్భిణుల పరీక్షలు, పిల్లల టీకాలు, క్షయ చికిత్స, పారిశుధ్యం, ఆసుపత్రి పడకలు వగైరా. వాటి గుణోత్తర సగటు తీసి వందకు ఒక అంకె వేస్తారు. 2023 నివేదిక ప్రకారం ప్రపంచానికి ఆ అంకె 2000లో 45, 2021లో 68. మన దేశానికి 2021లో 63. బీపీ చికిత్స ఆ పద్నాలుగింటిలో ఒకటి కనుక, బీపీ కొలిచే సర్వేలో పడితే ఆమె లెక్కకు వస్తుంది. కాని కొలిచే సర్వే వేరు, ఖర్చు అడిగే సర్వే వేరు. మొదటిది ఆమెను చూస్తుంది గాని ఎందుకు మానేసిందో అడగదు, రెండోది ఖర్చు అడుగుతుంది గాని ఆమెను చూడదు. రెండూ ఒకే మనిషి దగ్గర కలిసిన రోజునే, ఆ ఆవరణలో జరిగినట్టు, అసలు సంగతి బయటపడుతుంది.

కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియలేదు. ఆమెకు కార్డు ఇచ్చినవాళ్లు మంచిపనే చేశారు. 2018 సెప్టెంబరులో వచ్చిన ఆయుష్మాన్ భారత్ బీమా కూడా కుటుంబానికి ఏడాదికి 5 లక్షల దాకా ఇస్తుంది. కాని ఈ కార్డులన్నీ ఆసుపత్రిలో పడక మీద పడుకున్నాకనే ప్రధానంగా పనిచేస్తాయి. రోజూ వేసుకోవలసిన చిన్న మాత్రకు, పోయిన పూట కూలికి అవి పనికిరావు. పక్షవాతం వచ్చాక ఆ కార్డు పనిచేస్తుంది. రాకుండా ఆపే మాత్రకు పనిచేయదు. మన శ్రీనాథ్ రెడ్డి గారి అధ్యక్షతన వేసిన నిపుణుల బృందం 2011లోనే అందరికీ వైద్యాన్ని పన్నుల డబ్బుతో, ప్రాథమిక ఆరోగ్యం మీద ఎక్కువ పెట్టి నడపాలని రాసింది. అది చదివి నువ్వు “ఇక పదేళ్లలో అయిపోతుంది” అన్నావు, గుర్తుందా? ఎగతాళికి అనడం లేదు, నేనూ నమ్మాను.

మా బృంద నాయకుడితో సోమవారం మాట్లాడాను. ఖర్చు సున్నా అని చెప్పిన ప్రతి ఇంట్లోనూ ఒక ప్రశ్న కలపాలన్నాను: “ఈ ఏడాదిలో డాక్టరు దగ్గరికి వెళ్లవలసి ఉండీ, మందు వేసుకోవలసి ఉండీ మానేసిన సందర్భం ఉందా? ఉంటే ఎందుకు?” ఐరోపా దేశాలు దాదాపు ఇదే ప్రశ్నను ఏటా అడుగుతాయి. థాయిలాండ్ కూడా తన గృహ సర్వేలో కలిపింది. 2002 చట్టంతో అందరికీ వైద్యం అని చెప్పుకున్న దేశం, అది నిజమేనా అని తన ప్రజలనే అడిగి చూసుకుంది. అక్కడ మానేశామన్నవాళ్లు చాలా తక్కువమంది తేలారు కనుక వాళ్ల సున్నాను నమ్మవచ్చు. ఆయన విని, ఫారం ఇప్పటికే పొడవైపోయిందని, మధ్యలో మారిస్తే పాత ఇళ్లతో పోలిక కుదరదని అన్నాడు. అది సబబైన అభ్యంతరమే, అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. చివరికి, మిగిలిన వార్డుల్లో ఫారం చివర విడిగా ఒక కాగితం జతచేయడానికి ఒప్పుకున్నాడు. దానికి కోడ్ లేదు, ఉత్త వాక్యాలు. వాటిని చదివి విడదీసే పని నాది.

ఆ రోజు నర్సు బీపీ రాసిచ్చిన చీటీని పూల ఆవిడ మడిచి చెంగుకు కట్టుకుంది. ఇప్పుడు ఆడి మాసం, అమ్మవారి గుళ్లలో పూలకు గిరాకీ, అది వెళ్లాక డాక్టరుకు చూపించుకుంటానంది. ముందు వాటా పెద్దావిడ, ఈసారి మాత్రల అమ్మాయి వస్తే గుడి దగ్గరికే పంపిస్తానని మాట ఇచ్చింది. ఏమవుతుందో చూడాలి.

ఇక నీ పని. మీ కాలేజీ పిల్లలను ప్రతి ఏడూ పల్లెల్లో సర్వేకు పంపుతావు కదా. ఈసారి ఆ ఒక్క ప్రశ్న కలుపు. తెలుగులో దాన్ని ఎలా అడిగితే జనం సిగ్గుపడకుండా చెబుతారో నాకంటే నీకే బాగా తెలుసు. “ఎందుకు వెళ్లలేదు” అంటే తప్పు పట్టినట్టు ఉంటుంది, నేను అలా అడిగినచోట ఒకరిద్దరు నోరు మూసుకున్నారు. ఇంకో రకంగా, పక్కింటివాళ్ల గురించి అడిగినట్టు అడిగితే... అయ్యో, ఆటో వచ్చి నిలబడింది. అమ్మను కంటి డాక్టరు దగ్గరికి తీసుకుపోవాలి. ఆ ప్రశ్న ఎలా ఉండాలో రాసి పంపు, వచ్చే వారం కొత్త వార్డు మొదలవుతుంది. వదినగారికి నమస్కారాలు.

నీ
తాసిల్దారు