రియో గ్రాండే లోయలో ఆ నల్లరాయిని ఒక్కసారి వచ్చి చూడండి: అధికారి గారికి బహిరంగ లేఖ

అమెరికాలోని న్యూమెక్సికో రాష్ట్రంలో రియో గ్రాండే డెల్ నోర్టే సంరక్షిత భూముల బాధ్యత చూస్తున్న అధికారి గారికి,

నమస్కారం.

మీకు ఇప్పటికే మూడు ఉత్తరాలు రాశాను, ఫొటోలు పంపాను. ఫోన్ చేస్తే "అందింది" అన్నారు. మళ్లీ చేస్తే మళ్లీ అదే మాట. ఆ మూడూ ఇంగ్లిష్‌లో రాసినవి. ఇది మాత్రం నా భాషలో, అందరూ చదివేలా రాస్తున్నాను. సెలవులకు ఇక్కడికి దగ్గరున్న టావోస్ ఊరి వైపు వచ్చే మన తెలుగు కుటుంబాలకూ ఈ సంగతి తెలియాలి.

800 అడుగుల లోతున్న ఆ లోయ గురించి, 1968లో దేశం మొదటగా కాపాడుకోవాలనుకున్న ఎనిమిది నదుల్లో అందులో పారే రియో గ్రాండే ఒకటన్న సంగతి గురించి మీకు నేను చెప్పక్కర్లేదు. నా బాధ ఒక రాయి గురించి.

నది ఒడ్డుకు దిగే కాలిబాట పక్కన మోకాలెత్తు నల్లరాయి ఉంది. మాది వికారాబాద్ పక్క పల్లె, నల్లరాయి నాకు కొత్త కాదు. అక్కడిదీ లావా గడ్డకట్టిన రాయే, ఇక్కడిదీ అదే. కానీ ఇక్కడ వేల ఏళ్ల ఎండకూ గాలికీ రాయి మీద ముదురు పొర కట్టింది. ఆ పొరను ఇంకో రాయితో కొట్టి, కింది లేత రంగు బయటపడేలా ఏ కాలంలోనో ఎవరో ఒక కొండగొర్రెను చెక్కారు. నాలుగు కాళ్లు, వెనక్కి వంగిన కొమ్ములు. బొమ్మంతా అరచేతిలో పట్టేంత, ఒక్కో చుక్కా పెసరగింజంత. మొదటిసారి చూసినప్పుడు మా పాపకు ఐదేళ్లు. ముట్టుకోకూడదని చెబితే చేతులు వెనక్కి కట్టుకుని చాలాసేపు చూసింది.

నిరుడు అక్టోబరులో వెళ్తే ఆ గొర్రె మెడ మీద రెండు ఇంగ్లిష్ అక్షరాలు, మధ్యలో లవ్ గుర్తు. మేకుతో గీసినట్టున్నారు. గీత అంచుల్లో తెల్లటి పొడి ఇంకా అలాగే ఉంది. పాప ఏమీ మాట్లాడలేదు. నాకే కాళ్లాడలేదు. తెలియనివాళ్లు తుడవబోతే ఇంకా పాడవుతుందని చదివాను, అందుకే చెయ్యి పెట్టలేదు. మీరు ఎవరినైనా పంపిస్తారని చూస్తున్నాం.

పైన రోడ్డు పక్కనా అంతే. వాన పడ్డ మర్నాడు ఎవరో బండిని సేజ్‌బ్రష్ పొదల్లోకి తిప్పారు. జానెడు లోతు చక్రాల జాడ. అక్టోబరులో ఒకటే, ఫిబ్రవరికి మూడయ్యాయి. ఒక జాడ ఉంటే వెనక వచ్చినవాడు అదే దారనుకుంటాడు కదా! ఆ నేల మీద నాచూ లైకెన్లూ కలిసి కట్టిన పొర ఉంటుంది, అప్పడంలా పెళుసు. ఒకసారి పగిలితే మళ్లీ కట్టడానికి దశాబ్దాలు పడుతుంది.

ఈ భూములను జాతీయ స్మారక ప్రాంతంగా కాపాడాలని 2013 మార్చి 25న అధ్యక్షుడు ఒబామా సంతకం చేసిన ప్రకటనలోనే ఉంది, మోటారు బండ్లు గుర్తించిన రోడ్ల మీదే తిరగాలని. దేన్నీ పాడుచేయకూడదన్న హెచ్చరికా అందులోనే ఉంది. 2,42,500 ఎకరాలకు ఆ మాటలే కాపలా. 2017లో హద్దులు మార్చాలా అని వాషింగ్టన్ ప్రభుత్వం సమీక్షకు పెట్టిన 27 స్మారక ప్రాంతాల్లో ఇదీ ఉందని తెలిసి ఆ ఏడాదంతా మాకు టెన్షనే. హద్దులు మారలేదని ఊపిరి పీల్చుకున్నాం. హద్దులు నిలిచాయి సరే, లోపలున్నదాన్ని ఎవరు చూస్తున్నారండీ?

తరతరాలుగా వంటకట్టెలకూ పిన్యోన్ అనే పైన్ చెట్టు గింజలకూ వచ్చే ఊళ్లవాళ్లను ఆపమని నేను అనడం లేదు. ఆ ప్రకటన వాళ్లకు అడ్డు చెప్పలేదు, చెప్పకూడదు కూడా. ఇక్కడి ఆదివాసులైన టావోస్ ప్యూబ్లో వాళ్లకు ఈ లోయ ఏమిటో మాట్లాడే అర్హత నాకు లేదు. నేను పన్నెండేళ్ల క్రితం వచ్చినవాణ్ణి. నాకే ఇంత కష్టంగా ఉంటే వాళ్లకెలా ఉంటుందో ఆలోచించండి.

సిబ్బంది చాలడం లేదని ఫోన్లో ఒకరన్నారు. నిజమే కావచ్చు. ఆ మాటైనా రాసి పంపండి, పట్టుకుని పైవాళ్లను అడుగుతాం. ఆ జాడలకు అడ్డంగా నాలుగు బండరాళ్లు వేయించండి. బాట మొదట్లో ఒక బోర్డు పెట్టించండి. రాయిని బాగుచేయడం తెలిసినవాళ్లను పంపండి. ఏదో ఒకటి చేయండి, దయచేసి. అంతకంటే ముందు ఒక్కసారి వచ్చి చూడండి.

వచ్చే నెల మొదటి శనివారం పొద్దున తొమ్మిదింటికి ఆ బాట మొదట్లో ఉంటాను, పాప కూడా వస్తానంది. మీరు రాలేకపోతే రెండు వాక్యాల జవాబు పంపండి. ఫొటోలు మళ్లీ జతచేస్తున్నాను.

ఇట్లు,
ఆల్బకర్కీ నుంచి ఒక తెలుగు తండ్రి