సాయినగర్ వాళ్లకూ, ధర్మవరం వదినకూ

ఒక్కొక్కరికీ ఫోన్ చేసి థ్యాంక్స్ చెబుదామనుకుంటే మాటకన్నా ముందు ఏడుపొస్తోంది. అందుకే ఇక్కడ రాస్తున్నా.

చాలామందికి తెలిసిందే, బెంగళూరులో నాకు పొట్ట ఆపరేషన్ అయింది. టమ్మీ టక్ అంటారు. కవలల కాన్పు తర్వాత కడుపు ముందు కండరాలు రెండూ మధ్యలో ఎడమై మళ్లీ దగ్గరకు రాలేదు, చర్మం జారిపోయింది. బస్సెక్కితే ఎన్నో నెలమ్మా అని అడిగి సీటిచ్చేవాళ్లు. ఆ కండరాలను దగ్గరకు తెచ్చి కుట్టి, మిగిలిన చర్మం తీసేశారు. కాస్మెటిక్ కాబట్టి ఇన్సూరెన్స్ రాలేదు, ఖర్చంతా మాదే. "ఏంటికమ్మా నీకీ షోకు?" అన్నవాళ్లూ ఉన్నారు. వాళ్ల సంగతి ఇక్కడ వద్దు.

ముందుగా బాడుగ కారు తోలిన తమ్ముడికి. అక్కడి నుంచి అనంతపురం 200 కిలోమీటర్ల పైనే. "అక్కా, స్పీడ్ బ్రేకర్" అని ప్రతిసారీ ముందే చెప్పేవాడు, నేను దిండు పొట్టకు అదుముకునేదాన్ని. కాళ్లలో రక్తం గడ్డకట్టకుండా మధ్యమధ్యలో దిగి నడవమన్నారు డాక్టరు. కొడికొండ చెక్‌పోస్టు దగ్గరా, పెనుకొండ దగ్గరా ఆపి, నడుము నిటారుగా ఎత్తలేక వంగి నడుస్తున్న నా పక్కనే తనూ నడిచాడు. వెయిటింగ్ చార్జీ మాటే ఎత్తలేదు.

మా వదిన సగం నేసిన చీరను మగ్గం మీదే వదిలేసి వచ్చింది. నేసేవాళ్ల ఇళ్లలో పని ఆగితే కూలీ ఆగినట్టే, అది నాకు తెలుసు. రమ్మని నేను అడగనే లేదు. పొట్టకు రెండు పక్కలా, లోపల చేరే నీరు బయటికి రావడానికి డ్రెయిన్ పైపులు, వాటి చివర చిన్న ప్లాస్టిక్ బల్బులు. మా ఆయన చూడలేక మొహం తిప్పుకునేవాడు. వదిన చేతులు కడుక్కుని వచ్చి, చర్మం దగ్గర పైపును ఒక చేత్తో గట్టిగా పట్టుకుని, రెండో చేతి వేళ్లతో నొక్కుతూ లోపలి రక్తపు గడ్డలను కిందికి జార్చేది. బల్బు ఖాళీ చేసి కొలిచి, గాలంతా పోయేలా పిండి మూత బిగించేది. ఎడమ ఇంత, కుడి ఇంత అని క్యాలెండర్ మీద రాసేది. రోజుకు 30 ఎం.ఎల్. లోపుకు వస్తేనే పైపు తీస్తామన్నారు మరి. ఎరుపు తగ్గి పసుపు నీరులా మారిన రోజు నాకంటే తనే ఎక్కువ సంబరపడింది. రాత్రిళ్లు వీపు వెనక మడిచిన బొంతలు, మోకాళ్ల కింద దిండ్లు సర్దింది కూడా తనే. కుట్లు లాగకుండా పడుకోవాలంటే అదొక్కటే దారి.

ఎదురింటి రిటైర్డ్ స్టాఫ్ నర్సమ్మకు వేరుగా చెప్పాలి. పేరు రాస్తే తంతానన్నారు, రాయను. పొద్దున్నే వచ్చి పిక్కలు నొక్కి చూసి, "ఒక కాలే వాచిందా? ఆయాసం ఉందా?" అని అడిగాకే కాఫీ ముట్టేవారు. మా అత్తమ్మ పప్పు, గుడ్డు పెడితే చీము పడుతుందని పత్యం మొదలుపెట్టింది. నర్సమ్మ మా అత్తమ్మతో గొడవ పడకుండా, "వదినా, గాయం మానాలంటే మాంసకృత్తులు కావాల, నేను పెడతా చూడు" అని తనింటి నుంచే ముద్దపప్పు, ఉడికించిన గుడ్లు తెచ్చి పెట్టారు. ఆ తర్వాత మా అత్తమ్మే గుడ్లు ఉడికించింది. నొప్పి మాత్రలకు మలబద్ధకం వస్తుందని నీళ్లు, అరటిపండు గుర్తుచేసిందీ నర్సమ్మే. కుట్లున్న పొట్టతో ముక్కడం ఎంత నరకమో పడ్డవాళ్లకే తెలుస్తుంది!

పై పోర్షన్ పాప నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, కుట్లు తడవకుండా తల రుద్దింది. పిల్లలను స్కూలుకు దింపినవాళ్లు ఒకరా ఇద్దరా. "అమ్మ పొట్ట మీద పడొద్దు" అని మావాళ్లకు నేర్పించిందీ మీరే.

పైపులు తీసేశారు, పొట్టకు కట్టిన బెల్టు మాత్రం ఇంకా ఉంది. ఆపరేషన్ అయిన 6 వారాల దాకా బరువులు ఎత్తకూడదు. మా వంటింట్లో మూడు గిన్నెల స్టీలు క్యారియర్ ఒకటి, ఆకుపచ్చ మూత డబ్బా ఒకటి మిగిలాయి. క్యారియర్ పిడి మీద పేరు అరిగిపోయి "ల" ఒక్కటే కనిపిస్తోంది. ఎవరివో చెప్పండి, మా ఆయనతో పంపిస్తా.